ఈఆర్-1 ఇంకా వేయాలా? 29 చట్టాలు పోయాయి కదా!

మిల్లు_లెక్కలు:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పాత కార్మిక చట్టాలు 29 రద్దయ్యాయి. మరి డిసెంబర్ క్వార్టర్ ఈఆర్-1, అదే ఎంతమంది పనిచేస్తున్నారో మూడు నెలలకోసారి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి పంపే రిటర్న్, పంపాలా, వద్దా? కన్సల్టెంటేమో ‘ఆ చట్టమే లేదు, వదిలేయండి’ అంటాడు. ఎక్స్ఛేంజి ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘పంపండి’ అని పెట్టేశారు. మా సేటు పేపర్ కటింగ్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, అన్నీ తీసేస్తే ఇంకా ఈ రిజిస్టర్లు ఎందుకు రాస్తున్నావని అడుగుతున్నాడు. 30వ తారీఖు లోపు తేలాలి. ఎవరైనా ఒక్క మాటలో చెప్పండి, ప్లీజ్.

క్లుప్తంగా:
ఏ రాష్ట్రం? ఎంతమంది?

పాత_ఫైళ్లు:
బాబూ, ముందు ఈ రిటర్న్ ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టారు. తర్వాత అందరికీ తెరిచారు, 1956లో రాష్ట్రాల చేతికి ఇచ్చారు. ఖాళీలు తప్పనిసరిగా తెలియజేయాలని 1959లో చట్టం వచ్చింది. ఈఆర్-1 దాని కిందిదే. తెలియజేయాలని ఉంది గానీ, ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోవాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: ఎక్స్ఛేంజికి రాస్తే సరిపోదు, పేపర్లో ప్రకటన కూడా ఇవ్వాలంది. డిగ్రీ చేతికి రాగానే ఎక్స్ఛేంజి ముందు లైను కట్టి కార్డు తీసుకున్న తరం మాది. ఆ కార్డు రెన్యువల్ తప్పిపోతే ఇంట్లో ఎంత గొడవయ్యేదో! ఆ వ్యవస్థను ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారన్నదే నా బాధ.

మిల్లు_లెక్కలు:
చాలా విషయాలు చెప్పారు సార్, థాంక్స్. మాది కరీంనగర్ పక్కన బాయిల్డ్ రైస్ మిల్లు. 17 మంది.

హెచ్ఆర్_మేడమ్:
17 మందా? 1959 చట్టం ప్రైవేటులో 25 మంది, అంతకు మించి ఉన్నచోటికే వర్తించేది. మీకు ఈఆర్-1 ఎవరు మొదలుపెట్టించారండీ?

మిల్లు_లెక్కలు:
నాకు ముందున్న అకౌంటెంట్ ప్రతి క్వార్టర్ పంపేవాడు మేడమ్. ఫైల్లో కాపీలున్నాయి, చూసి అలాగే పంపుతున్నా. వాటిలో 26 అని ఉంది, హమాలీలను కలిపాడేమో. ఇప్పుడు ముఠా హమాలీలు ఆరుగురు.

హెచ్ఆర్_మేడమ్:
ఈ సంగతి మొదటే రాయాల్సింది. ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన సోషల్ సెక్యూరిటీ కోడ్ 13వ అధ్యాయంలో ఎక్స్ఛేంజి స్థానంలో కెరీర్ సెంటర్ వచ్చింది. హద్దు 25 నుంచి 20కి దిగింది. పైగా ఆ కోడ్‌లో కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేవాళ్లు కూడా ఉద్యోగులే. 17కు ఆరు కలిపితే 23. చట్టం పోయిందని మీ సేటు అనుకుంటున్నారు గానీ, పాత లెక్కలో బయటున్న మిల్లు కొత్త లెక్కలో లోపలికి వచ్చింది. ఖాళీని భర్తీ చేయకముందే తెలియజేయాలి. మూడు నెలల్లోపు పనులకు మినహాయింపు ఉంది.

కార్మిక_పక్షం:
ముఠా మేస్త్రీ కాంట్రాక్టరెలా అవుతాడు మేడమ్? అతనూ బస్తా మోసేవాడే. బస్తాకింత అని సేటే ఇస్తాడు, అందరూ పంచుకుంటారు. వాళ్లు నేరుగా మిల్లు కూలీలు.

క్లుప్తంగా:
ఎలా చూసినా 23 మందే.

కార్మిక_పక్షం:
తేడా ఉందన్నా. పీఎఫ్, ఈఎస్ఐ ఎవరు కట్టాలన్న మాట వస్తే ఆ తేడానే తిండి పెడుతుంది. కాలం చెల్లిందంటూ ఒక్కోటి తీసేస్తుంటే మాకు భయం వేసేది అందుకే. మా నిజామాబాద్ వైపు చూడండి. బీడీ మీద సెస్సు ఉండేది, ఆ డబ్బుతోనే 1976 నాటి సంక్షేమ నిధి నడిచేది: దవాఖానాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇండ్లు. 2017లో జీఎస్టీ రాగానే సెస్సు పోయింది. ఇప్పుడు ప్రతి ఏటా బడ్జెట్లో ఎంత ఇస్తారా అని ఎదురుచూడాలి. బీడీలు చుట్టే ఆడవాళ్లకు వచ్చే పైసలకు సొంత దారంటూ లేకుండా పోయింది. రిజిస్టర్లు తగ్గించండి, ఎవరొద్దన్నారు? దాని వెనకున్న డబ్బు దారి మూసేయకండి.

పాత_ఫైళ్లు:
ఇది నిజం. ఫారం తీసేయడం, పథకం తీసేయడం వేర్వేరు సంగతులు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మిల్లు_లెక్కలు:
సరే సార్, మరి ఈ క్వార్టర్ సంగతి?

హెచ్ఆర్_మేడమ్:
ఆ కోడ్‌లో 164వ సెక్షన్ చూడండి. పాత చట్టాల కింది రూల్స్ కోడ్‌కు అడ్డురానంత వరకు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి ఏడాది పాటు కొనసాగుతాయి. పైగా క్వార్టర్లో నవంబర్ 20 వరకు పాత చట్టమే. నేనైతే పంపేస్తాను. ఫారం మొదటి గడిలో పోయిన క్వార్టర్ చివరి పనిదినం నాటి సంఖ్య, ఈ క్వార్టర్ చివరి పనిదినం నాటి సంఖ్య ఆడ, మగ విడివిడిగా అడుగుతారు. కాంట్రాక్టు వాళ్లను కలపమనీ, పార్ట్‌టైమ్ వాళ్లనూ అప్రెంటిస్‌లనూ వదిలేయమనీ అక్కడే ఉంటుంది. పాత 26 చూసి దించేయకండి, హాజరు పట్టీ ముందు పెట్టుకుని లెక్కేయండి. పంపిన కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి.

క్లుప్తంగా:
షాప్స్ యాక్ట్, లేబర్ వెల్ఫేర్ ఫండ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ రాష్ట్రానివి. ఆ 29లో లేవు. సేటుకు చెప్పు.

పాత_ఫైళ్లు:
పని చేసే యజమాని, భాగస్వాములు కూడా ఆ గడిలోకే వస్తారు బాబూ. మీ సేటును లెక్కేశావా?

మిల్లు_లెక్కలు:
లేదు సార్, ఇద్దరు పార్ట్‌నర్లు రోజూ మిల్లులోనే ఉంటారు. అయితే 25 అవుతుందే! రేపు స్టాంపు వేయించుకుంటా. అందరికీ థాంక్స్.

కార్మిక_పక్షం:
మేస్త్రీ సంగతి తేల్చలేదు మేడమ్. మీ దగ్గర మిల్లుల్లో హమాలీలకు ఈఎస్ఐ ఎవరు కడుతున్నారు?