‘ఒక్కరే చేసి ఉండాలి’ అంటే కాళహస్తిలో ఎవరు మిగులుతారు?

కాళహస్తి కలం:
తిరుపతిలో జరగబోయే ఒక చేతివృత్తుల మేళా దరఖాస్తు ఫారం నిన్న మా వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అడిగినవాళ్లందరికీ స్టాల్ ఇచ్చే రకం కాదు, జ్యూరీ చూసి ఎంపిక చేస్తుంది. రూల్స్ చాలావరకు నాకు నచ్చాయి. ఐదు పనుల ఫోటోలు పంపాలి, వాటి మీద ఎక్కడా పేరు కనబడకూడదు. కొని అమ్మే సరుకు కుదరదు. ఎంపికైన మనిషే స్టాల్లో ఉండాలి, గుమాస్తాని కూర్చోబెట్టి పోకూడదు. అంతా బాగుంది.

తకరారంతా నాలుగో రూల్ దగ్గరే. ‘ప్రతి వస్తువునూ దరఖాస్తుదారు మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే స్వయంగా చేసి ఉండాలి, కూలి మనుషుల సాయం తీసుకోరాదు’ అని రాసి, కింద సంతకం అడిగారు.

నేను ఆ సంతకం పెట్టలేను. మాది కలంకారీ, అంటే గుడ్డ మీద వెదురు కలంతో బొమ్మ గీసి రంగులద్దే పని. మా ఇంట్లో ఆ గుడ్డ ఎలా తయారవుతుందో చెప్తాను. గాడా అనే ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండేసేది మా అమ్మ. పాలు సరిగా పట్టకపోతే కలం పెట్టగానే నలుపు పాకిపోతుంది. ఆ కొలత ఆమె చేతికే తెలుసు. బెల్లం, తుప్పు ఇనుము వేసి మూడు వారాలు ఊరబెట్టే నల్లరంగు కుండ మా నాయనది, మూత తీస్తే ఆ వాసనకి ఇంటికొచ్చిన చుట్టాలు బయటే నిలబడతారు. చింతబొగ్గుతో బొమ్మ వేసి, కలంతో గీత గీసేది నేను. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు రాసేది నా భార్య. ఆ తర్వాత కాగులో ఉడకబెట్టడం, ఏట్లో ఉతకడం. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోతే బోరు కాడ తొట్టి. తడిసిన ఎనిమిది గజాల గుడ్డని పారే నీళ్లలో ఒక్కణ్ణే పట్టుకోమనండి, చూద్దాం.

ఇందులో ‘చేసినవాడు’ ఎవరు?

తిరుపతి కొనుగోలుదారు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ రూల్ ఎందుకు పుట్టిందో కూడా చూడండి. పోయినేడు ఒక మేళాలో నాలుగున్నర వేలు పెట్టి ‘పెన్ కలంకారీ’ దుపట్టా కొన్నాను. ఇంటికొచ్చి మా అక్క కొన్నదాని పక్కన పరిస్తే, రెండింట్లోనూ నెమలి మెడ కింద ఒకే చోట ఒకే చుక్క జారి ఉంది. స్క్రీన్ ప్రింట్! అమ్మినాయన బోర్డు మీద ‘మాస్టర్ ఆర్టిస్ట్’ అని రాసుకున్నాడు. ‘ఇంట్లో అందరం కలిసి చేస్తాం’ అని మీరు నిజం చెప్తారు, అదే మాట ఆయనా చెప్తాడు. జ్యూరీ ఎట్లా తేల్చుకోవాలి?

కాళహస్తి కలం:
దానికి ఒంటరితనం రూల్ ఎందుకమ్మా, కళ్లు చాలు. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితేనే రంగు దిగుతుంది. అందుకే గీత మొదట్లో లావుగా పడి, రంగు అయ్యేకొద్దీ సన్నబడుతుంది, మళ్లీ ముంచిన చోట లావెక్కుతుంది. స్క్రీన్ గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం. రెండు పీసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు నిమిషాల పని. ఫోటోలతో సరిపెట్టుకుంటే మాత్రం దొరకదు.

మాధవమాల ఉలి:
మా కొయ్యబొమ్మల పనిలో ఇంకో తలనొప్పి. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ మీద దేవుడి బొమ్మని ముప్పాతిక వంతు చెక్కించి, కళ్లు, ముక్కు, నగలు ఉలితో దిద్ది ‘చేతి పని’ అంటున్నారు. ఆ మనిషి ఒక్కడే చేశాడు, నాలుగో రూల్ ప్రకారం పాస్! నేను దుంగని రంపం మిల్లులో కోయించి, మా తమ్ముడు ముతక పని చేస్తే, మిగతాది నేను చెక్కుతాను. నేను ఫెయిల్. ఎన్ని చేతులు పడ్డాయని కాదు, మెషీన్ ఎక్కడ ఆగిందని అడగాలి.

పలమనేరు మట్టి:
కుండలు చేసే కరెంటు సారె కూడా మెషీనేనా సామీ? ముందే చెప్పండి, దరఖాస్తు ఫీజు మిగులుతుంది.

మాధవమాల ఉలి:
సారె తిరుగుతుంది గానీ కుండ చెయ్యదు కదప్పా. రూపం నీ వేళ్లదే. మెషీనే రూపం ఇస్తే అది వేరే సంగతి.

చిత్తూరు రిటైర్డ్:
మా అమ్మాయి అమెరికాలో ఇలాంటి మేళాలకి పోతుంటుంది. అక్కడా చాలాచోట్ల పేరు కనబడకుండానే ఫోటోలు చూస్తారు, కళాకారుడే స్టాల్లో ఉండాలంటారు. కానీ ఇద్దరు కలిసి చేసే పనైతే ఇద్దరి పేర్లతో ఒకే దరఖాస్తు తీసుకునే మేళాలు బోలెడున్నాయి. మనవాళ్లు అక్కడి ఫారం చూసి రాసినట్టున్నారు గానీ, ఆ వాక్యం ఒక్కటి వదిలేశారు.

ఇంటికొకరు అనే జబ్బు మనకి కొత్త కాదులెండి. 2023లో చేతివృత్తులవాళ్ల కోసం వచ్చిన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలోనూ భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిపి ఒక్కరికే అవకాశం. అందులో ఉన్న 18 వృత్తుల్లో కలంకారీ లేనే లేదు, అది వేరే కథ.

తిరుపతి కొనుగోలుదారు:
కలంకారీకి జీఐ, అదే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా, అది చాలదా?

కాళహస్తి కలం:
జీఐ ఊరికి, పద్ధతికి. మనది కలంతో గీసేది, మచిలీపట్నానిది అచ్చు వేసేది, అందుకే రెండింటికీ వేరువేరుగా ఇచ్చారు. ఈ గుడ్డ మీద పడిన చెయ్యి ఎవరిదో జీఐ చెప్పదు.

రంగులు నింపే అక్క:
ఇంతసేపూ చదువుతున్నాను. నేను పదకొండేళ్లుగా రోజు కూలికి రంగులు నింపుతున్నాను. గీతలు గీయను. ఒక పెద్దాయన దగ్గర ఉన్నప్పుడు మేం నలుగురం రెండు నెలలు కూర్చుని నింపిన రామాయణం గుడ్డకి ప్రైజు వచ్చింది. పేపర్లో ఫోటో ఆయనది. మాకు ఆ రోజు స్వీట్ బాక్స్ ఇచ్చారు. బొమ్మ ఆయనదే, కాదనను.

కూలి మనుషుల సాయం తీసుకోకూడదని రాస్తే యజమానులు మమ్మల్ని మాన్పించరు. మేం లేమని సంతకం పెడతారు, అంతే. జ్యూరీ చూడ్డానికి వచ్చిన రోజు మమ్మల్ని ఇంటికి పొమ్మంటారు. ఇప్పటిదాకా పేరు లేదు, ఇకమీద మనుషులమే లేనట్టు అవుతుంది.

తిరుపతి కొనుగోలుదారు:
అక్కా, ఈ వైపు నేను ఆలోచించలేదు. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మరి ఇరవై మందిని కూర్చోబెట్టి, తను ఏసీలో కూర్చునే వ్యాపారి కూడా అందరి పేర్లూ రాసి దరఖాస్తు పెడితే?

రంగులు నింపే అక్క:
పెట్టనీ అమ్మా. జ్యూరీ ముందు ఒక మూర గుడ్డ, ఒక కలం ఇచ్చి గీయమంటే తేలిపోతుంది. నన్ను నింపమన్నా తేలిపోతుంది. చేతకానివాడు సొంత పేరు ఏ గడిలో రాసుకుంటాడు?

కాళహస్తి కలం:
అక్క చెప్పింది నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఇంట్లోవాళ్ల గురించే ఆలోచించాను, కూలికి వచ్చేవాళ్లు నాకు తట్టలేదు. మా ఇంటికీ పండగ ఆర్డర్లప్పుడు ఇద్దరు వస్తారు.

నా మాట ఇది. దరఖాస్తు పెట్టే మనిషికి కరక్కాయ నుంచి ఉతుకు దాకా మొత్తం పని వచ్చి ఉండాలి, జ్యూరీ అడిగితే చేసి చూపాలి. మొత్తం ఒక్కడే చేసి ఉండాలని మాత్రం అడగకూడదు. ఎవరు ఏ పని చేశారో పేర్లతో రాయాలి, ఆ కాగితం స్టాల్లో గుడ్డ పక్కనే వేలాడాలి. మెషీన్ వాడితే అదీ రాయాలి.

చిత్తూరు రిటైర్డ్:
నిర్వాహకులకి రాసి పంపు నాయనా, ఇక్కడ రాసుకుంటే ఏమొస్తుంది.

కాళహస్తి కలం:
పొద్దున ఫోన్ చేశాను సార్. పాపం బాగానే మాట్లాడారు. నాలుగో రూల్ సంగతి కమిటీలో పెడతామన్నారు, ఈలోగా పేర్లు ఫారంలోనే రాసి పంపమన్నారు. తీరా చూస్తే ఫారంలో ‘డిజైన్’, ‘తయారీ’ అని రెండే గడులు ఉన్నాయి. ‘తయారీ’ గడిలో మా ఆవిడ పేరు, ఆ ఇద్దరి పేర్లు పట్టాయి. మా అమ్మకి చోటు లేదు. పాలు, కరక్కాయ ఏ గడిలోకి వస్తాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఎల్లుండి ఆఖరు తేదీ.