విసుగక ప్రార్థించడమంటే ఒకే విన్నపాన్ని ఏళ్ల తరబడి చేస్తూ ఉండడమేనా?

ప్రశ్న (గాజువాక సహోదరి)

అందరికీ ప్రభువు నామమున వందనాలు. తాగుడుకు బానిసైన మా తమ్ముడి కోసం నేను చాలా ఏళ్లుగా ప్రార్థిస్తున్నాను. మా సంఘపు ఉపవాస ప్రార్థనలో మొదట్లో అందరూ వాడి కోసం భారంతో కన్నీళ్లు పెట్టేవారు. ఇప్పుడు చీటీలో పేరు చదివి తరువాతి చీటీకి వెళ్లిపోతున్నారు, వారినీ తప్పుపట్టలేను. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ముగించుకొని వచ్చి మోకరిస్తే నిన్నటి మాటలే నోటికి వస్తున్నాయి, ఒక్కోసారి అవి కూడా రావడం లేదు. "నీ చిత్తమే జరుగును గాక" అని ఊరుకోవడం విశ్వాసమా, లేక నా అలసటకు వేసుకున్న ముసుగా? పెద్దలు వాక్యానుసారంగా చెప్పగలరు.

జవాబు (మహారాణిపేట)

అమ్మా, లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలి ఉపమానాన్ని మనలో చాలామంది తలకిందులుగా బోధిస్తున్నారని నా అభిప్రాయం. దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని న్యాయాధిపతి సైతం ఆమె పోరు పడలేక న్యాయం తీర్చినప్పుడు, తాను ఏర్పరచుకొన్నవారి మొరను దేవుడు ఆలకించడా అన్నది అక్కడి వాదన. దేవుడు ఆ న్యాయాధిపతివంటివాడని కాదు, ఎంతమాత్రమూ అలాంటివాడు కాడని. కాబట్టి పట్టుదల ఆయనను లొంగదీసుకునే ఉపాయం కాదు. అవే మాటలు వస్తున్నాయన్న బాధ కూడా మీకు అక్కరలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు మూడవమారు "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని మత్తయి వ్రాశాడు. "నీ చిత్తమే" అన్నది అక్కడ మొరను ఆపిన మాట కాదు, మొరలోనే ఉన్న మాట.

జవాబు (భీమిలి)

పై సహోదరుని మాటకు ఒకటి చేర్చాలి. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి ముమ్మారు వేడుకొని ఆపేశాడు గదా అని కొందరంటారు. ఆయన ఆపింది విసిగి కాదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చినందుకు. మీకు అలాంటి జవాబేదీ రాలేదు కనుక అడుగుతూనే ఉండండి. మాటలు రాని ఉదయం 13వ కీర్తనను పైకి చదవండి, ఉన్నవి ఆరే వచనాలు. "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడిగినవాడిని దేవుడు గద్దించలేదు.

జవాబు (సీతమ్మధార)

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో మొదట వచ్చింది మన విశాఖపట్నానికే. నెల్లూరు చేరింది తరువాత. ఫలం కనబడక ఆ మిషన్‌ను మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న ఆ మిషన్‌కే చెందిన జ్యూవెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలులో కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దంపతులు అక్కడ స్థిరపడేసరికి 1866 అయింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాల్లో ఈ చరిత్ర ఇక్కడితో ముగుస్తుంది, అది నాకు నచ్చదు. దానికి ముందు ఘోరమైన కరువు వచ్చింది; క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. ప్రార్థించడంతో తన వంతు తీరిపోయిందని ఆయన అనుకోలేదు. అందుచేత అడుగుతున్నాను: మీ తమ్ముడిని వైద్యునికి చూపించారా? చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తాగుడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు గనుక, ప్రార్థన కూటంలో ఒట్టు వేయించి ఇంటికి పంపడం ప్రమాదం.

ప్రశ్న అడిగిన సహోదరి

అందరికీ వందనాలు. ఆసుపత్రిలోనే పనిచేస్తూ కూడా నేను వాడిని వైద్యునికి చూపించలేదు. నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గే కారణం. రమ్మంటే వాడు రాడు. నేనొక్కదాన్నే వెళ్లి అడగవచ్చునా?

జవాబు (సీతమ్మధార)

తప్పక వెళ్లండి, అమ్మా. ఎప్పటి నుండి తాగుతున్నాడో, రోజుకు ఎంతో, మానినప్పుడు ఏమవుతుందో కాగితం మీద వ్రాసుకొని వెళ్తే, అతనిని ఎలా తీసుకురావాలో వారే చెప్తారు.