డెలావేర్ ఎల్ఎల్‌సీని కాలిఫోర్నియాలో నమోదు చేయాలి, పేరు దగ్గర ఆగింది. సలహా ఇవ్వగలరా?

నమస్కారమండీ. మాది ఇద్దరు సభ్యులున్న డెలావేర్ ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ). ఫ్రీమాంట్‌లో గోదాము అద్దెకు తీసుకుంటున్నాం, పనివాళ్లూ అక్కడే ఉంటారు. కాబట్టి కాలిఫోర్నియాలో బయటి రాష్ట్రపు కంపెనీగా నమోదు తప్పదు. నమోదు లేకుండా వ్యాపారం చేస్తే, డబ్బు ఎగ్గొట్టిన కొనుగోలుదారు మీద అక్కడి కోర్టులో దావా కూడా నడపలేం.

నమోదు దరఖాస్తు ఫారం ఎల్ఎల్‌సీ-5, 70 డాలర్ల రుసుము, మా తరఫున కోర్టు నోటీసులు అందుకోవడానికి కాలిఫోర్నియా వీధి చిరునామా ఉన్న ఏజెంటు సిద్ధం. డెలావేర్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (కంపెనీ నమోదు సక్రమంగా ఉందనే ధ్రువపత్రం) కూడా జతచేయాలి. అది ఆరు నెలల లోపుది కావాలి, జూన్ 1కి కట్టాల్సిన 300 డాలర్ల పన్ను బాకీ ఉంటే డెలావేర్ ఇవ్వదు. మాకు బాకీ లేదు. నమోదయ్యాక 90 రోజుల్లో కంపెనీ వివరాలు తెలిపే ఫారం ఎల్ఎల్‌సీ-12, ఏటా కనీసం 800 డాలర్ల పన్ను ఉంటాయని తెలుసు.

చిక్కంతా పేరుతోనే. మా పేరుతో అక్కడ ఇప్పటికే ఓ కంపెనీ ఉంది, అంటే కాలిఫోర్నియా వరకు ప్రత్యామ్నాయ పేరు పెట్టుకోవాలి.

ఇది చేసినవాళ్లను అడుగుతున్నాను: గోదాము లీజు, ఇన్‌వాయిస్‌ల మీద రెండు పేర్లూ ఎలా రాశారు? పాత పేరుతో వచ్చిన చెక్కులను బ్యాంకు తీసుకుందా, లేక కొత్త పేరును ఖాతాకు జతచేయించారా? అమ్మకపు పన్ను పర్మిట్ ఏ పేరున తీసుకున్నారు?

ఇంకొకటి. డెలావేర్‌లో మాకు వ్యాపారమేమీ లేదు. రెండు రాష్ట్రాలకూ కట్టే బదులు కంపెనీనే కాలిఫోర్నియా ఎల్ఎల్‌సీగా మార్చుకోవడం మేలా? అలా మార్చినవాళ్లు పాత ఈఐఎన్‌నే (కంపెనీ ఫెడరల్ పన్ను గుర్తింపు సంఖ్యనే) కొనసాగించారా?