జ్ఞాపకాలు రాస్తున్నాను కానీ మనుషులు కనబడడం లేదు: దారి చెప్పగలరా?

ప్రశ్న: కొత్తనోటుపుస్తకం

నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత నా చిన్ననాటి సంగతులను, ముఖ్యంగా మా ఇంటి వాతావరణాన్ని, పుస్తకంగా కాకపోయినా కొన్ని వ్యాసాలుగానైనా రాయాలన్న కోరిక బలపడింది. కొంత రాశాను కూడా. తీరా చదువుకుంటే అది ఫలానా ఏడాది పుట్టాను, ఫలానా తరగతిలో చేరాను, ఫలానా ఇంటికి మారాము అంటూ ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులా సాగుతోంది తప్ప, అందులో నేను గాని మా వాళ్లు గాని కనబడడం లేదు. ఒక చోట ఇలా రాశాను: "మా నాన్నగారు చాలా కోపిష్ఠి. ఆయనంటే ఇంట్లో అందరికీ భయం." ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అయినా ఎవరి నాన్నగారి గురించైనా ఎవరైనా రాయగల వాక్యం లాగే ఉంది.

నా సందేహాలు ఇవి. చెప్పుకోదగ్గ ఘనకార్యమేదీ చేయని మనిషి తన గురించి రాస్తే ఎవరైనా ఎందుకు చదువుతారు? కొన్ని సంఘటనలు నాకు ఒక విధంగా, మా అక్కకు మరో విధంగా గుర్తున్నాయి; అప్పుడు ఎవరి మాట రాయాలి? నేను రాయబోయేవారిలో కొందరు ఇప్పటికీ ఉన్నారు, వారి మనసు కష్టపెట్టకుండా రాయడం సాధ్యమేనా? వీటన్నిటికీ ముందు, ప్రతి రోజూ కాగితం ముందు కూర్చోగానే ఆవరించే నిస్సత్తువను ఎలా దాటాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

జవాబు: మార్జిన్‌రాతలు

ఘనకార్యాలు లేవన్న బెంగను ముందుగా పక్కన పెట్టండి. ప్రజాజీవితంలో పేరు పొందినవారు ఆత్మకథ రాసినప్పుడు, వారు చేసిన పని పాఠకుడికి ముందే తెలిసి ఉంటుంది కనుక, ఆ పని వెనుక ఉన్న మనిషిని చూడాలన్న కుతూహలంతో పుట్టుక నుంచీ చెప్పినా చదువుతాడు. మీరెవరో తెలియని పాఠకుడికి ఆ కుతూహలం ఉండదు. అతడిని కూర్చోబెట్టేది మీ జీవితం మొత్తం కాదు, ఆ జీవితంలో మీకు ఇప్పటికీ పూర్తిగా సమాధానం దొరకని ఒక ప్రశ్న. వివియన్ గోర్నిక్ అనే అమెరికన్ రచయిత్రి 2001లో వెలువరించిన ఒక చిన్న పుస్తకంలో పరిస్థితి వేరు, కథ వేరు అని విడదీసి చూపింది. జరిగిన సంఘటనలన్నీ పరిస్థితి కిందికి వస్తాయి. వాటిని దాటి వచ్చిన మనిషి ఏమి గ్రహించాడు, ఏమి చెప్పడానికి మన ముందుకు వచ్చాడు అన్నది కథ అవుతుంది. మీరు ఇప్పటిదాకా రాసినదంతా పరిస్థితే అని నా అనుమానం.

మొత్తం జీవితాన్ని చెప్పి తీరాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఆదిభట్ల నారాయణదాసు గారి "నా యెరుక" ఆయన యౌవనం వరకే నడుస్తుంది, అయినా అది మన భాషలో ముఖ్యమైన స్వీయచరిత్రల్లో ఒకటిగానే నిలిచింది. మీరు ఒక ఇంటికో, ఒక వేసవికో, ఒక మనిషికో పరిమితమైతే మీ రాత చిక్కబడుతుంది.

ఇక ప్రేరణ సంగతి. దాని కోసం ఎదురుచూడడం కన్నా జ్ఞాపకాన్ని కదిలించే పని ఏదైనా చేతికి అప్పగించడం మేలని నా నమ్మకం. చిన్నప్పుడు ఉన్న ఇంటి పటాన్ని ఒక కాగితం మీద గీయండి; తలుపులు ఎటు తెరుచుకునేవో, ఎవరు ఎక్కడ కూర్చునేవారో, మీరు వెళ్లకూడని గది ఏదో గుర్తించండి. గీస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోయిన చోట తరచుగా ఒక కథ ఉంటుంది. జో బ్రెయినార్డ్ అనే కవి, చిత్రకారుడు 1970లో తెచ్చిన ఒక పుస్తకంలో ప్రతి చిన్న ఖండికనూ "నాకు గుర్తుంది" అనే అర్థం వచ్చే మాటలతోనే మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో పావుగంట పాటు కలం ఎత్తకుండా రాసి చూడండి. మొదట వచ్చేవన్నీ పది మందికీ చెప్పి చెప్పి అరగదీసిన సంగతులే అయి ఉంటాయి, కాబట్టి అవి అయిపోయాక వచ్చేవాటినే దాచుకోండి. నలభై దాటినవారిని జ్ఞాపకాలు చెప్పమంటే పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్నారు. మీ వద్ద సరుకు లేకపోవడం అన్న సమస్య ఉండదు.

నిస్సత్తువకు గడువును మించిన మందు లేదు. గాంధీ ఆత్మకథ 1925 నుంచి 1929 వరకు "నవజీవన్" పత్రికలో వారం వారం అధ్యాయాలుగా వెలువడింది. వారానికి ఒక అధ్యాయం అడిగే స్నేహితుడు ఒకరు దొరికినా చాలు.

జవాబు: ప్రూఫు_కళ్లజోడు

నేను ఒక పత్రికలో చాలాకాలం ప్రతులు దిద్దే పని చేశాను, కాబట్టి సిద్ధాంతం జోలికి పోకుండా మీరు ఉదాహరించిన వాక్యం దగ్గరే ఆగుతాను.

"కోపిష్ఠి" అన్నది మీరు ఎన్నో ఏళ్లు చూసి, విని, చివరికి తేల్చుకున్న తీర్పు. పాఠకుడికి మీరు తీర్పు మాత్రమే చేతికిచ్చి, సాక్ష్యాన్ని మీ దగ్గరే ఉంచుకున్నారు. అందుకే అది ఎవరి నాన్నగారైనా కావచ్చుననిపిస్తోంది. ఈ ప్రశ్నలకు జవాబులు రాసి చూడండి. ఆయన ఇంటికి వస్తున్నారని మీకు ముందుగా ఎలా తెలిసేది? తెలిసిన ఆ క్షణంలో ఇంట్లో ఒక్కొక్కరూ ఏం చేసేవారు? అందరూ ఒకే పని చేసేవారు కారు, అక్కడే వారి వారి స్వభావాలు బయటపడతాయి. ఆయన కోపం లేని రోజును మీరు దేన్ని బట్టి పసిగట్టేవారు? జవాబుల్లో భయం, కోపం, ప్రేమ వంటి మాటలు వాడకండి. ఈ నిషేధం శాశ్వతం కాదు, ఈ ఒక్క అభ్యాసానికి మాత్రమే.

మరొక విషయం. జ్ఞాపకాల రచనలో "నేను" ఒకరు కాదు, ఇద్దరు. గుమ్మం చాటున నిలబడి చూస్తున్న పిల్లవాడు ఒకరు. ఇన్నేళ్ల తరువాత ఆ పిల్లవాణ్ణి చూస్తున్న పెద్దవాడు మరొకరు. పిల్లవాడికి తెలియని సంగతులను పిల్లవాడి నోట పలికిస్తే రాత కృతకమవుతుంది. పెద్దవాడు పూర్తిగా మౌనంగా ఉంటే అది చక్కని దృశ్యంగా మిగులుతుంది కానీ మీరు ఎందుకు రాశారో తెలియదు. ఏ వాక్యం ఎవరిదో మీకు తెలిసి ఉండాలి. కొత్తగా రాసేవారు నా బల్ల మీదికి పంపిన ప్రతుల్లో ఎక్కువగా కనిపించిన చిక్కు ఇదే.

జవాబు: ఆదివారం_పాఠకురాలు

మీ అక్కగారి జ్ఞాపకం గురించి ఒక మాట. మీ ఇద్దరిలో ఒకరు తప్పక పొరబడి ఉండాలని, ఆ ఒకరు మీరు కాదని అనుకోవడం సహజమే. కానీ జ్ఞాపకం అలా పనిచేయదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలిపోయిన మర్నాడు, ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా తెలిసిందో అమెరికాలో కొందరు విద్యార్థుల చేత ఉల్రిక్ నీసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాయించి ఉంచాడు. రెండేళ్లు దాటాక మళ్లీ అడిగినప్పుడు దాదాపు నాలుగో వంతు మంది చెప్పినది తాము రాసిన దానితో ఏ ముఖ్య విషయంలోనూ కలవలేదు. తప్పుగా చెప్పినవారిలో చాలామంది తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకంతో ఉన్నారు. తాము స్వయంగా రాసిన కాగితం చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. గతాన్ని మనం బయటికి తీసి చూసుకోము, తలచుకున్న ప్రతిసారీ మళ్లీ కట్టుకుంటాము అని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే వాదించాడు.

అలాగని ఏమి రాసినా చెల్లుతుందని కాదు. 2006లో అమెరికాలో విపరీతంగా అమ్ముడైన ఒక జ్ఞాపకాల పుస్తకంలో రచయిత తన జైలు జీవితాన్ని లేనిపోని కల్పనలతో పెంచి రాశాడని బయటపడింది. కొన్నవారికి డబ్బు వెనక్కి ఇస్తామని ప్రచురణకర్తలు ప్రకటించవలసి వచ్చింది. పొరబడిన రచయితను పాఠకులు క్షమిస్తారు కానీ తెలిసి కల్పించినవాణ్ణి క్షమించరు.

కాబట్టి ఏది మీరు చూసినది, ఏది విన్నది, ఏది ఊహించినది అన్న తేడాను వాక్యంలోనే పాఠకుడికి తెలియనివ్వండి. "అమ్మ అప్పుడు ఏమందో నాకు గుర్తు లేదు; కానీ ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టలేదన్నది మాత్రం గుర్తుంది" అని రాస్తే నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ అక్కగారి కథనం మీ దానికి భిన్నంగా ఉంటే రెండింటినీ రాయండి. ఒకే సాయంత్రం ఇద్దరు పిల్లలకు రెండు విధాలుగా ఎందుకు గుర్తుండిపోయిందన్నది, నిజంగా ఏం జరిగిందన్న దానికన్నా ఆసక్తికరమైన అధ్యాయం కావచ్చు.

జీవించి ఉన్నవారి విషయంలో నా పద్ధతి చెబుతాను. అచ్చుకు ఇచ్చే ముందు వారికి సంబంధించిన పేజీలను వారికి చదివి వినిపిస్తాను.

జవాబు: మార్జిన్‌రాతలు

పై సలహాలో చివరి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. చదివి వినిపించడం మర్యాదే, కానీ మొదటి ప్రతి పూర్తయ్యే వరకు ఎవరికీ చూపించవద్దు. చూపిస్తారన్న ఊహ ఉంటే చాలు, కలం దానంతట అదే మెత్తబడుతుంది. ముందు అన్నీ రాయండి. ఏది అచ్చు కావాలి, ఎవరి పేరు మార్చాలి, ఏ రహస్యం మీది కాదు కనుక వదిలేయాలి అన్నవి తరువాత తేల్చుకోవలసిన సంగతులు. ఒకరి మీద కక్ష తీర్చుకోవడానికి రాసిన పేజీ అయితే మీకే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో మీరు ఒక్కరే మంచివారుగా కనిపిస్తారు.

కొత్తనోటుపుస్తకం

అందరికీ కృతజ్ఞతలు. ప్రూఫు_కళ్లజోడు గారి ప్రశ్నలకు జవాబులు రాస్తూ కూర్చుంటే ఈ కింది పేరా వచ్చింది. నిర్మొహమాటంగా చెప్పండి.

"గేటు గడియ రెండుసార్లు చప్పుడయ్యేది. ఒకసారి తీసినప్పుడు, ఒకసారి వేసినప్పుడు. మొదటి చప్పుడుకు అక్క రేడియో గొంతు తగ్గించేది. రెండో చప్పుడు అయ్యే లోపు నేను ఏదో ఒక పుస్తకం తెరిచి, దొరికిన పేజీని గట్టిగా చదవడం మొదలుపెట్టేవాణ్ణి. అమ్మ మాత్రం కదిలేది కాదు. నాన్నగారు చెప్పులు జతగా విడిచారా, ఒకటి ఇటు ఒకటి అటు పడేశారా అని వంటింట్లోంచే చూసి, ఫీజు సంగతి ఆ రాత్రి ఎత్తవచ్చో లేదో తేల్చుకునేది. గడియ రెండోసారి చప్పుడు కాని రోజులు కూడా ఉండేవి. ఆ రోజుల్లో ఆయన గేటు దగ్గరే కాసేపు నిలబడి ఉండేవారు. అలా మా ఇల్లంతా భయం నీడలో గడిచింది."

జవాబు: ప్రూఫు_కళ్లజోడు

చివరి వాక్యం కొట్టేయండి. అది మళ్లీ మీ పాత తీర్పే, పై వాక్యాలు దాని అవసరం లేకుండా చేశాయి. "గట్టిగా చదవడం" బాగుంది, ఏం చదివేవారో ఒక్క ముక్క గుర్తుంటే చేర్చండి, గుర్తు లేకపోతే కల్పించవద్దు. చెప్పుల మాటను ఎక్కడా కదపకండి.

మీరు గమనించారో లేదో కానీ, గేటు దగ్గర ఆగిపోయిన రోజుల ప్రస్తావనతో ఈ పేరా కోపం గురించినది కాకుండా పోయింది. ఇంట్లోకి రావడానికి ఆయన ఎందుకు తటపటాయించేవారు? పుస్తకం పట్టుకున్న పిల్లవాడికి ఆ ప్రశ్న తట్టి ఉండదు, ఉద్యోగం చేసి విరమించిన మీకు తడుతుంది. మార్జిన్‌రాతలు గారు అడిగిన ప్రశ్న బహుశా ఇదే కావచ్చు. ఆయన పని గురించి, అప్పుల గురించి, ఆ రోజుల గురించి మీ అక్కగారికి ఏం గుర్తుందో ఈ వారమే అడగండి, విన్నది విన్నట్టుగా విడిగా రాసి ఉంచండి. తరువాతి పేరా అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.