డాలస్ తెలుగువాళ్ల గ్రూపు చాట్. శనివారం గ్రాడ్యుయేషన్ సభ: బ్యానర్ మీద వాక్యం రేపు 12లోపు తేలాలి

ఫ్రిస్కో బాబాయ్ (బుధ, రాత్రి 8:50)
ఫైలు రేపు మధ్యాహ్నం 12లోపు అందకపోతే శనివారానికి బ్యానర్ రాదంటున్నాడు షాపువాడు. 16 × 4 అడుగులు, మామూలు వినైల్ (ప్లాస్టిక్ షీటు), 180 డాలర్లు. ఇంకా ఉన్నవి: 42 మంది పిల్లల పేర్ల స్పెల్లింగు, దండలు, కుర్చీలు, సమోసాలు, మైకు. ముందు వాక్యం చెప్పండి.

ప్లేనో వదిన (9:10)
పిల్లలు మూడు పంపారు, మూడింటికీ పేచీ ఉంది. "నీ కలల దిశగా ధైర్యంగా సాగిపో" అని కార్డుల మీద అమెరికా రచయిత థోరో పేరుతో ఉండేది ఆయన రాసినట్టు లేదు. 1854 నాటి 'వాల్డెన్' చివరి అధ్యాయంలో అది "ఎవరైనా తన కలల దిశగా ధైర్యంగా సాగితే" అంటూ నడిచే పొడవాటి వాక్యం. "నువ్వే ఆ మార్పువి కావాలి" అన్నది గాంధీ రాతల్లో ఎవరికీ దొరకలేదు. మనం మారితే లోకం తీరూ మారుతుందన్న అర్థంలో 1913లో రాశారు, అంతే. కలాం గారి పేరుతో తిరిగే నిద్ర, కల మాటకి పుస్తకం, పేజీ చూపిస్తే వేద్దాం. స్కూలు టీచర్లని పిలిచి తప్పు పేరున్న బ్యానర్ కింద నిలబెట్టలేం.

మెకిన్నీ మాస్టారు (9:25)
తైత్తిరీయోపనిషత్తు, శీక్షావల్లి, పదకొండో అనువాకం. "సత్యం వద, ధర్మం చర, స్వాధ్యాయాన్మా ప్రమదః." చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పి పంపే మాటలే అవి. ఇంతకంటే అతికేది లేదు. కాదంటే ఏనుగు లక్ష్మణకవి "ఆరంభింపరు నీచ మానవులు" వేయండి.

అర్వింగ్ తమ్ముడు (9:40)
మాస్టారూ, మంచిగున్నయి. కానీ పిల్లల్ల అన్ని మతాలోళ్లు ఉన్నరు, అందరు దాని ముంగట ఫొటో దిగాలె. "ఆరంభింపరు" నాలుగు నిండు పాదాలు, వెనక వరసకు కనపడది. అంగుళం అక్షరం పదడుగుల దూరం దాకనే సాఫ్‌గ కనిపిస్తది. వేమనది మూడో పాదం ఒక్కటి తీస్కుందాం: "సాధనమున పనులు సమకూరు ధరలోన".

ప్లేనో వదిన (9:48)
వేమనకే నా ఓటు. ఇంకో లాభం చూడండి, ఆ పాదంలో ఒక్క వొత్తు కూడా లేదు. ఇక్కడి షాపుల్లో తెలుగు అతికిస్తే ముందు పోయేవి వొత్తులే. "విఘ్న" కాస్తా "విఘ్‌న" అయి కూర్చుంటుంది. అయినా ఫాంటు ఫైలు ఇవ్వొద్దు. ఇలస్ట్రేటర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు వొత్తులు సరిగ్గా కూర్చే సెట్టింగు) పెట్టి, టైపు చేసి, అక్షరాలు సరిచూసుకుని, ఆ తర్వాతే అక్షరాల్ని బొమ్మగా మార్చే క్రియేట్ అవుట్‌లైన్స్ కొట్టండి. ముందే కొడితే తప్పు దిద్దడానికి ఉండదు.

మెకిన్నీ మాస్టారు (9:55)
సరే. కానీ "తినగ తినగ వేము తియ్యనుండు" కూడా వాళ్ళ చెవిన పడాలి. పద్యం మొత్తం మైకులో నేను చదువుతాను.

అర్వింగ్ తమ్ముడు (11:20)
ఆగుండ్రి. హాలు వాళ్ల మెయిల్ వచ్చింది. స్టేజీ పైన వేలాడేసే గుడ్డకైనా వినైల్‌కైనా ఎన్‌ఎఫ్‌పీఏ 701 సర్టిఫికెట్ కావాల్నట, నిప్పంటుకోకుండ పరీక్ష చేసినట్టు. అది కూడ మూడు పనిదినాల ముందు. లేకుంటే కట్టనియ్యరు.

ఫ్రిస్కో బాబాయ్ (11:26)
శనివారానికి మూడు పనిదినాలంటే ఈరోజే! అగ్రిమెంటు సంతకం పెట్టినప్పుడు ఎవరూ చదవలేదా? బ్యానర్ షాపుకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను నేను.

అర్వింగ్ తమ్ముడు (11:31)
చదివి జనవరిల గ్రూపుల పెట్టిన. ఏడో పేజీ. చూసినోళ్లు ఎవరు? హాలు దొరికిచ్చింది నేనే, తిట్లు గూడ నాకేనా?

మెకిన్నీ మాస్టారు (11:40)
మంటలాపే స్ప్రే కొట్టిస్తే?

ప్లేనో వదిన (11:44)
స్ప్రే పీల్చుకునే నూలుగుడ్డకి పనికొస్తుంది, వినైల్ మీద నిలవదు మాస్టారూ. పైగా వాళ్ళడిగేది మెటీరియల్ తయారుచేసినవాళ్ళ సర్టిఫికెట్. షాపువాడు చీటీ రాసిస్తే చెల్లదు.

ఫ్రిస్కో బాబాయ్ (గురు, ఉదయం 6:30)
రాత్రి నోరు జారాను తమ్ముడూ, నువ్వు జనవరిలో పెట్టింది నా దగ్గరే పడి ఉంది. ఎఫ్‌ఆర్ (మంట తట్టుకునే) వినైల్ అర్జెంటుగా చేస్తే 310 అట. డబ్బూ లేదు, గడువూ దాటింది. నేలమీద నిలబెట్టేవి ఒప్పుకుంటారేమో కనుక్కో నాన్నా.

అర్వింగ్ తమ్ముడు (8:15)
పర్లేదు బాబాయ్. అడిగిన, చాపలెక్క పైకి గుంజి నిలబెట్టే రోలప్ స్టాండ్‌కి ఓకే. తలుపులకు అడ్డం ఉండొద్దు, గోడకు టేపు వెయ్యొద్దు.

ప్లేనో వదిన (8:32)
అయితే నిలువుది, 33 × 80 అంగుళాలు. పాదంలో సరిగ్గా నాలుగు మాటలు, వరసకొకటి. అటూఇటూ రెండేసి అంగుళాలు వదిలితే 29 మిగులుతుంది. "సాధనమున"కి అయిదు అక్షరాలు, అంటే ఒక్కోటి అయిదు అంగుళాల పైమాటే. 50 అడుగుల దాకా ఫరవాలేదు. అడుగున ఎనిమిది అంగుళాలు ఖాళీ వదలండి, కొంత స్టాండు అడుగు డబ్బాలోకి పోతుంది. పోయిన దసరా బోర్డు మీద స్పాన్సర్ పేరు మునిగింది అక్కడే. పాదం కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, ఒక్క లైను అర్థం ఉండాలి, సగం మందికి చదవడం రాదు.

ఫ్రిస్కో బాబాయ్ (9:05)
షాపువాడు మార్చడానికి ఒప్పుకున్నాడు. 135. అడ్వాన్సు పోలేదు, మిగిలిన 45తో ఏం చేద్దాం?

ప్లేనో వదిన (9:12)
పద్యం నాలుగు పాదాలూ కార్డు మీద వేసి పిల్లల చేతికిద్దాం. షీటుకి నాలుగు చొప్పున 12 షీట్లకి 48, ఆరు అదనం. 110 పౌండ్ల రకం మందపాటి కార్డ్‌స్టాక్ ఇంట్లో ప్రింటర్ ముందు ట్రేలో ఇరుక్కుంటుంది. వెనక ట్రే నుంచి ఒక్కొక్కటే పెట్టండి. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి నాకు ఫొటో పంపండి.

మెకిన్నీ మాస్టారు (9:20)
కార్డులో "రాగ మతిశయిల్లుచునుండు" అని ఉండాలి. "అతిశయించుచు" అని ఎవరూ సరిదిద్దకండి, పద్యంలో ఉన్న మాట అది కాదు.

అర్వింగ్ తమ్ముడు (శుక్ర, సాయంత్రం 5:40)
రోలప్ చేతికొచ్చింది, విప్పి చూసిన. "సమకూరు"ల కూ దీర్ఘం ఉంది. డిక్కీల అడ్డంగ పడుతున్నది. మైకు ఎవరు తెస్తున్నరు?