వెల, విలువ, మూల్యం: భూగర్భ ఉష్ణం తెచ్చే నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు ఏ మాట వాడాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. భూగర్భంలోని వేడితో విద్యుత్తు తీసే కేంద్రాల వల్ల నేలకు, నీటికి, గాలికి కలిగే నష్టాన్ని డబ్బు రూపంలో లెక్కగట్టే పద్ధతుల మీద ఒక మాసపత్రికకు వ్యాసం రాస్తున్నాను. శీర్షికలో ‘పర్యావరణ నష్టానికి వెల కట్టడం’ అని పెట్టాను. చదివిన మిత్రులలో ఒకరు ‘విలువ కట్టడం’ అనాలన్నారు. మరొకరు దాన్ని కొట్టివేసి ‘మూల్యాంకనం’ అని దిద్దారు. నిఘంటువులు మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం ఇస్తున్నాయి. వాడుకలో తేడా ఉందా? ఉంటే ఈ వ్యాసానికి ఏది సరిపోతుంది?

మొదటి జవాబు

తేడా ఉందండీ, అదీ చిన్నది కాదు. ముందుగా మూల్యాంకనాన్ని పక్కన పెట్టవచ్చు. ఆ మాట ఇప్పుడు పరీక్షల శాఖ సొత్తయిపోయింది. ‘మూల్యాంకనం మొదలైంది’ అంటే పాఠకుడు పదో తరగతి జవాబు పత్రాల కట్టలను ఊహించుకుంటాడే తప్ప కుంగిన నేలను ఊహించుకోడు.

వెల, విలువల మధ్య తేడా వాటి వ్యతిరేకార్థాల్లో బయటపడుతుంది. ‘వెలలేనిది’ అంటే మనం తలకెత్తుకునే వస్తువు. ‘విలువలేనిది’ అంటే గిరాటేసే వస్తువు. వెలకు అమ్మేవాడు, కొనేవాడు ఉండాలి. విలువకు ఆ ఇద్దరూ లేకపోయినా ఫరవాలేదు. కాబట్టి మీ వ్యాసంలో ఏ నష్టం గురించి మాట్లాడుతున్నారో చూసి మాటను ఎంచుకోవలసిందే గానీ మొత్తానికి ఒకే క్రియ అతికించడం కుదరదు.

జర్మనీలోని ష్టౌఫెన్ పట్టణాన్ని తీసుకోండి. అక్కడ కట్టింది విద్యుత్ కేంద్రం కాదు. పురపాలక భవనాన్ని నేలలోని వేడితో వెచ్చగా ఉంచడానికి 2007లో సుమారు 140 మీటర్ల లోతుకు ఏడు బోర్లు వేశారు. బోర్ల వెంట భూగర్భజలం అన్‌హైడ్రైట్ పొరలోకి చేరింది. ఆ రాయి నీరు తాగి జిప్సంగా మారి ఉబ్బడంతో నేల పైకి లేచింది. పాత పట్టణంలో రెండు వందలకు పైగా ఇళ్ళ గోడలు బీటలు వారాయి. ఈ నష్టంలో చాలా భాగానికి మేస్త్రీ అంచనా వేయగలడు. ఇక్కడ ‘నష్టానికి ఖరీదు కట్టారు’ అన్నా ‘పరిహారం లెక్కగట్టారు’ అన్నా ఎవరూ తప్పుపట్టరు. స్విట్జర్లాండులోని బాసెల్ సంగతీ అంతే. 2006 డిసెంబరు 8న వేడి రాతిలోకి నీటిని ఒత్తిడితో పంపినందువల్ల 3.4 తీవ్రతతో భూమి కంపించింది, పని ఆగిపోయింది, ఆస్తి నష్టాలకు బీమా ద్వారా పరిహారం చెల్లించారు.

న్యూజిలాండులోని వైరాకేయి దగ్గర ఈ మాటలేవీ పనిచేయవు. అక్కడి కేంద్రం 1958లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. లోపలి నీటిని తోడుతూ పోయేసరికి ఒత్తిడి పడిపోయి, కొంత మేర నేల దాదాపు 15 మీటర్లు కుంగింది. పక్కనే లోయలో ఎగజిమ్మే గీజర్లు ఆగిపోయాయి. (మన దేశంలో గీజరంటే స్నానాల గదిలోని పెట్టె కాబట్టి, ఆగి ఆగి ఆకాశానికి చిమ్మే వేడినీటి ఊట అని వ్యాసంలో ఒక మాట చెప్పాల్సి ఉంటుంది.) ఆ ఊటలను ఏ సంతలోనూ అమ్మరు. పర్యాటకుల టిక్కెట్ల రాబడి పోయిందని చూపవచ్చు గానీ, అది ఊటల మీద వచ్చిన రాబడి లెక్కే. అక్కడి మూలవాసులైన మావోరీలు ఇలాంటి చోట్లను ‘తావొంగ’ అంటారు. తరతరాలుగా కాపాడి అప్పగించవలసిన నిధి అని దాని భావం. అక్కడ ‘వెల కట్టడం’ అని రాస్తే తెలుగులో అది ఆక్షేపణగా వినిపిస్తుంది. మీకు ఆక్షేపించడమే ఉద్దేశమైతే తప్ప ‘విలువ కట్టడం’ అనే రాయండి.

రెండవ జవాబు

పై జవాబుకు చిన్న చేర్పు. గాలిలో కలిసే వాయువుల విషయంలో వెల, విలువ రెండూ కాకుండా ‘నష్టం అంచనా’ అనడమే నయం. తుపాను వచ్చినప్పుడల్లా మనం రాసే మాటే అది. అంచనా అన్న మాటలోనే ఎక్కువ తక్కువలకు చోటు ఉంది, ఈ లెక్కలకు ఆ చోటు చాలా అవసరం.

ఉదాహరణకు, 2001 నాటి ఒక అంతర్జాతీయ సర్వేలో భూగర్భ ఉష్ణ కేంద్రాలు యూనిట్ విద్యుత్తుకు సగటున 122 గ్రాముల కార్బన్ డయాక్సైడు వదులుతున్నట్టు తేలింది. టన్ను ఉద్గారం వల్ల కలిగే నష్టాన్ని అమెరికా ప్రభుత్వం 2021లో తాత్కాలికంగా 51 డాలర్లుగా తీసుకుంది. ఆ లెక్కన యూనిట్‌కు దాదాపు 0.6 సెంట్ల నష్టం. 2023లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అదే టన్నుకు 190 డాలర్లు వేసింది. అప్పుడు నష్టం 2.3 సెంట్లకు చేరింది. గాలిలోకి వెళ్ళిన వాయువులో గ్రాము మార్పు లేదు. మారిన వాటిలో ముఖ్యమైనది డిస్కౌంట్ రేటు, అంటే రాబోయే తరాలకు కలిగే నష్టాన్ని ఈనాటి డబ్బులోకి తెచ్చేటప్పుడు ఏటా ఎంత కోసివేయాలన్న శాతం. అది 3 నుంచి 2కు తగ్గింది. పైగా కేంద్రం కట్టకపోయినా ఆ నేల కొంత వాయువును తనంతట తానే వదులుతుంది కదా, దాన్ని మినహాయించాలా అన్న వాదం ఒకటి ఉంది. ఇన్ని తీర్పులు లోపల దాగిన సంఖ్యను ‘వెల’ అంటే పాఠకుడు దాన్ని కిరాణా కొట్టు చీటీలోని ధరలా నమ్ముతాడు.

ఇంకొక పొరపాటుకు తావివ్వకండి. ఐస్‌లాండులోని హెల్లిషెయిది కేంద్రం కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడును, కార్బన్ డయాక్సైడును నీటిలో కరిగించి బసాల్టు రాతిలోకి పంపుతోంది. అవి లోపల ఖనిజంగా గట్టిపడతాయి. ఆ పనికయ్యే వ్యయాన్ని కొన్ని వ్యాసాలు నష్టం విలువగా చూపుతాయి. అది నివారణ ఖర్చు. వాయువును వదిలేసి ఉంటే ఊపిరితిత్తులకో, నల్లబడిన వెండి సామానుకో కలిగే నష్టం అంతకంటే ఎక్కువ కావచ్చు, తక్కువా కావచ్చు. తెలుగులో రెంటికీ వేర్వేరు మాటలు ఉన్నప్పుడు కలిపేయడం దేనికి?

మూడవ జవాబు

మార్కెట్టు లేని వాటికి విలువ కట్టడానికి ఆర్థికవేత్తలు జనాన్నే అడుగుతారు కదా. ‘ఈ ఊటను కాపాడటానికి మీరెంత ఇస్తారు’ అంటే ఒక అంకె వస్తుంది. ‘ఊట పోతే మీకెంత ఇవ్వాలి’ అంటే చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. దీనికి మన ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ సరిగ్గా అతుకుతుందని నా అభిప్రాయం. వ్యాసంలో వాడుకోవచ్చు.

మొదటి జవాబు రాసిన సభ్యుని ప్రత్యుత్తరం

సామెత అందంగా ఉంది మాస్టారూ, కానీ దిశ తిరగబడింది. సామెతలోని రైతుకు అమ్మేటప్పుడు తక్కువ పలుకుతుంది, కొనేటప్పుడు ఎక్కువ పడుతుంది, దోషం బజారుది. ఇక్కడ వదులుకోమన్నప్పుడే మనిషి ఎక్కువ అడుగుతున్నాడు, అదీ తన నోటితోనే. రెండు ప్రశ్నల్లో ఏది అడగాలన్నది హక్కు ఎవరిదనుకుంటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ‘ఎంత ఇస్తారు’ అని అడిగిన క్షణంలోనే ఊట ఊరివాళ్ళది కాదని ఒప్పేసుకున్నట్టు. వ్యాసకర్త గారు ఈ భేదాన్ని రెండు వాక్యాల్లోనైనా చెప్పాలి. సామెత వాడితే మాత్రం అది మరుగున పడుతుంది.

నాలుగవ జవాబు

నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాడిని. మీరందరూ క్రియ గురించే మాట్లాడుతున్నారు, ముందున్న నామవాచకాన్ని కూడా కాస్త చూడండి. కొన్ని చోట్ల ‘భూతాప శక్తి’ అని రాస్తున్నారు. పత్రికల్లో ‘భూతాపం’ అంటే ప్రపంచం వేడెక్కడమని స్థిరపడిపోయింది. ‘భూతాప శక్తి వల్ల పర్యావరణ నష్టం’ అని చదివినవాడు ఎటు పోవాలి? ‘భూగర్భ ఉష్ణం’ అంటే ఆ చిక్కు లేదు. మా భద్రాచలం దగ్గర గుండాల వద్ద గోదావరి ఇసుకలో గుంత తీస్తే ఉడుకు నీళ్ళు ఊరుతాయి, జనం వాటిని ఉష్ణగుండాలనే అంటారు. మణుగూరు దగ్గర సింగరేణి సంస్థ బోరులోని వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం పెట్టింది. మీరు వైరాకేయి గురించి రాస్తున్నా చదివేవారిలో మావాళ్ళూ ఉంటారు కాబట్టి ‘ఉష్ణం’ అన్న మాట వారికి కొత్తది కాదు.

ప్రశ్న అడిగిన సభ్యుని ప్రత్యుత్తరం

అందరికీ కృతజ్ఞతలు. శీర్షికను ‘భూగర్భ ఉష్ణ విద్యుత్తు: నష్టాన్ని లెక్కగట్టేదెలా?’ అని మార్చాను. లోపల ష్టౌఫెన్, బాసెల్ భాగంలో ‘పరిహారం’, కార్బన్ భాగంలో ‘నష్టం అంచనా’, హెల్లిషెయిది దగ్గర ‘నివారణ ఖర్చు’ అని రాశాను. వైరాకేయి దగ్గర ‘విలువ కట్టడం’ అనే ఉంచి, అడిగే ప్రశ్నను బట్టి అంకె ఎలా మారుతుందో ఒక పేరాలో వివరించాను, సామెత తీసేశాను. ‘డిస్కౌంట్ రేటు’కు అచ్చంగా తగిన తెలుగు మాట ఎవరికైనా తోస్తే ఈ నెలాఖరులోగా తెలియజేయగలరు. ‘తగ్గింపు రేటు’ అంటే బట్టల దుకాణం ఆషాఢం అమ్మకాలు గుర్తొస్తున్నాయని సంపాదకుల అభ్యంతరం.