లేబుల్ లేని రొయ్యల మందు అమ్మే షాపుల మీద కంప్లైంట్ ఎలా ఇవ్వాలి?

ఆకివీడు దగ్గర నాది ఆక్వా మందుల షాపండి, మినరల్స్, ప్రోబయోటిక్స్, జియోలైట్ లాంటివే అమ్ముతా. పోయిన సమ్మర్ క్రాప్ నుంచి మా రోడ్డులో కొత్త షాపులు బాగా పెరిగాయి, రేట్లు తగ్గించి తగ్గించి ఎవరికీ మార్జిన్ మిగలట్లేదు, అప్పట్నుంచే ఈ తెల్ల పౌడర్ ప్యాకెట్లు మొదలయ్యాయి. వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) వచ్చిందంటే చాలు, కేజీ మేతకి ఇన్ని గ్రాములు కలుపుకోమని బిల్లు లేకుండా ఇచ్చేస్తున్నారు. ఒక రైతు చూపించిన కవరు మీద కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, పెన్నుతో "గట్" అని మాత్రం రాసుంది. అందులో క్లోరాంఫెనికాల్ గానీ నైట్రోఫ్యూరాన్ గానీ, ఏదో ఒక యాంటీబయాటిక్ ఉందని నా అనుమానం. రెండూ రొయ్యల సాగులో నిషేధం కదా, ఎక్స్‌పోర్ట్ టెస్టులో అవశేషాలు దొరికితే కన్‌సైన్‌మెంట్ వెనక్కొచ్చేస్తుంది, ఆ దెబ్బ ఏ మందూ వాడని పక్క చెరువు రైతు రేటు మీద కూడా పడుద్ది.

ఆ షాపులవాళ్ళని నేరుగా అడిగితే "మేం ఇవ్వకపోతే ఎదురు షాపోడు ఇస్తాడు" అన్నారు. మత్స్యశాఖ ఆఫీసులో నోటిమాటగా చెప్తే ల్యాబ్ రిపోర్ట్ తెమ్మన్నారు, ప్రైవేట్ ల్యాబ్‌లో అడిగితే నేను తెచ్చిన శాంపిల్ రిపోర్ట్ కేసుకి పనికిరాదన్నారు, రైతులేమో ఆ షాపుల్లోనే అరువు మీద మందు తెచ్చుకుంటారు కాబట్టి సంతకం పెట్టరు. మా డిస్ట్రిబ్యూటర్ అయితే నన్ను కూడా అవే పెట్టుకోమంటున్నాడు, నేను పెట్టను.

రైతు పేరు బయటికి రాకుండా అధికారులే షాపుకొచ్చి శాంపిల్ తీసేలా చేయాలంటే కంప్లైంట్ ఎవరికి, ఏ ఆధారాలతో రాసివ్వాలండి?